గృహయంత్రములు: ముందుఫోర్కు నూనె కాఱినపుడు



మోటారుసైకిలు విడిభాగముల సంగతి స్త్రీల పత్రికలో నేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. బండిపై వెళ్ళిన బిడ్డ సాయంకాలము గడప త్రొక్కువఱకు మనసు కుదుటపడని తల్లి మాత్రము ఈ ప్రశ్న వేయదు. నేడు ఆ బండ్లను నడుపువారిలో మన కుమార్తెలును కలరు. కావున మా వారింట జరిగిన సంగతినే ఈ మాసము వ్రాయుచున్నాను.

విశాఖపట్టణమున మా అక్కగారి యింట నొక పాత ఎజ్డీ బండి కలదు. మైసూరు కర్మాగారమున 1961 మొదలు జావా పేరను, పిదప ఎజ్డీ పేరను ఈ బండ్లు తయారయ్యెడివి. 1996లో ఆ కర్మాగారము మూతపడెను. మా బావగారు ఈ బండిని 1989లో కొనిరి. వారు స్వర్గస్థులైన పిదప అది నాలుగేండ్లు వసారాలో గోనెపట్టా క్రింద నుండెను. మొన్నటి వేసవిలో వారి కుమార్తె రిజిస్ట్రేషను పునరుద్ధరింపజేసి, బాగుచేయించి, దానిపై ఉద్యోగమునకు పోవ మొదలిడెను.

ఒకనాడు సింహాచలము కొండ దిగుచుండగా ముందు బ్రేకు పట్టలేదు. పిల్ల వెనుక బ్రేకుతో నెట్లో బండిని నిలిపినది. చూడగా ముందుఫోర్కునుండి నూనె కాఱి, చక్రముమీదుగా బ్రేకులోనికి దిగియున్నది. అక్కగారు ఆ రాత్రియే, "ఈ బండిని పాత యినుమునకు వేయుదును" అనిరి. పిల్ల నాకు ఫోను చేసి, "పిన్నీ, నాన్నగారి వస్తువులలో నేను వాడుకొనునది ఇదొక్కటే. అమ్మకు నీవైనను చెప్పవా?" యని కంటతడి పెట్టెను. పిల్ల కోరికయు న్యాయమే. తల్లి భయమును న్యాయమే. బండి క్షేమముగా నడచునా లేదా యన్నది తేలినగాని ఎవరి పక్షము వహింపను నాకు వీలులేకపోయెను.

ముందుగా ఫోర్కు పని తెలిసికొందము. చక్రమున కిరుప్రక్కల నున్న కాళ్ళలో నొక్కొక్క దానియందు క్రోముపూత గల యినుపపైపు బాటంకేసులో పైకి క్రిందికి జాఱుచుండును. లోపలి స్ప్రింగు బరువును మోయును. స్ప్రింగు ఒక్కటే యున్నచో గోతిలో పడిన బండి ఊయెలవలె ఊగుచునే యుండును. లోపలి నూనె సన్నని రంధ్రములగుండ దూఱుచు ఆ ఊగును అణచును. జర్మనీలో బి.ఎమ్.డబ్ల్యూ. వారు 1935లో ఆర్ 12 అను బండికి నూనెతో పనిచేయు ఇట్టి ఫోర్కు నమర్చిరి. నేడు వీధిలో మనము చూచు పెక్కు బండ్లది ఆ జాతియే. బాటంకేసు అంచున నొక రబ్బరు సీలు పైపును చుట్టి పట్టుకొని, నూనె వెలుపలికి రాకుండ తుడుచుచుండును.

మెకానిక్కు కొత్త సీళ్ళు వేసెను. నెల తిరుగకమునుపే నూనె మఱల కాఱెను. "అమ్మా, ఈ బండి సామాను దొరకదు. వేఱొక బండి ఫోర్కు మొత్తము తెచ్చి తగిలింతును" అని యతడు పలికెను. అప్పుడు నేను పైపుపై గోరు పెట్టి రాచి చూచితిని. గసగసలంత గుంటలు గోటికి తగిలెను. నాలుగేండ్ల సముద్రపు గాలి క్రోముపూతను తిన్నది. ఆ గుంటల యంచులు సీలు పెదవిని కోయుచున్నవి. సీలు ఎన్నిమాఱులు మార్చినను ఏమి లాభము? మార్చవలసినది పైపు.

ఆ పైపులకై వెదకితిమి. ఒక దుకాణదారు పేరు వినగానే 2022లో తిరిగి వచ్చిన ఎజ్డీ సామాను చూపెను. పేరొకటియే గాని యంత్రము వేఱు. విజయవాడ ఆటోనగరులో పాత పైపుల జత దొరకెను. గాజుబల్లపై దొర్లించి చూడగా నొకటి ఎగిరెగిరి పడెను. అది వంగినదని తెలిసి వదలివేసితిమి. తుదకు బండి సొంత పైపులనే అదే గాజుపై దొర్లించితిమి. అవి తిన్నగా దొర్లెను. పాతపూత తీసి, గట్టి క్రోముపూత వేసి, మొదటి కొలతకు సానపట్టు పనివారికి వాని నప్పగించితిమి. దొరకదన్న సామాను ఇంటనే యున్నది.

ఇట్టి యవసరము మీకు కలిగినచో ఈ సంగతులు మఱువకుడు.

దుకాణమునకు పోవునపుడు పాతభాగమును వెంట తీసికొనిపొండు. బండి పేరు మాత్రమే చెప్పక, రిజిస్ట్రేషను కార్డులోని ఛాసిస్ నంబరును, తయారైన నెలను, సంవత్సరమును చెప్పుడు. ఒకే పేరు గల బండ్లలోను భాగములు ఏటేట మాఱుచుండును.

సీలుపై సాధారణముగ మూడంకెలుండును. 33, 46, 11 అని యున్నచో లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము మిల్లీమీటర్లలో నని యర్థము. కొలతలు కలిసినను అది ఫోర్కు సీలేనా యని అడుగుడు. తిరుగు ఇరుసునకు చేసిన సీలు, పైకి క్రిందికి జాఱు పైపునకు తగదు. ఏండ్ల తరబడి నిలువయున్న సీలు కొత్తదైనను రబ్బరు బిరుసెక్కియుండును. వ్రేళ్ళతో వంచి చూచి, బీటలున్నచో తిప్పి యిచ్చివేయుడు.

ఒక ప్రక్కనే కాఱినను రెండు ప్రక్కల సీళ్ళను మార్పింపుడు. నూనె బండి పుస్తకమున చెప్పిన రకమునే, చెప్పిన కొలతకే, రెండు కాళ్ళలో సమముగ పోయింపుడు. సీలు తొడుగునపుడు పైపు అంచునకు సన్నని టేపు చుట్టినచో పెదవి తెగదు. నూనె త్రాగిన బ్రేకు లైనింగును తుడిచి వాడవలదు; కొత్తది వేయింపుడు. కొన్ని వందల రూపాయలకు చూచుకొని ప్రాణమును పణము పెట్టరాదు గదా!

పని ముగిసిన పిదప పిల్ల పదిదినములు ప్రతి సాయంకాలము తెల్లని గుడ్డతో పైపులు తుడిచి తల్లికి చూపెను. పదునొకండవ నాడు అక్కగారు, "ఇక గుడ్డ చూపనక్కఱలేదు" అనిరి. మొన్నటి కార్తికమున ఆమె కుమార్తె వెనుక కూర్చుండి, అదే బండిపై సింహాచలము కొండకు పోయి స్వామిని దర్శించి వచ్చిరి. దిగునపుడు కన్నులు మూసికొంటివా యని నేనడిగితిని. "మూసికొనలేదు. మీ బావగారు నడుపునప్పుడే మూసికొనెడిదానను" అని నవ్విరి.