రాజధాని జరిగిన దారిలో

సెలవుల్లో కోటలు చూద్దామనుకునే మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే: మూడు రోజుల్లో ఏడు కోటలు. ప్రతిచోటా సింహద్వారం ముందు ఓ సెల్ఫీ, వెంటనే కారెక్కడం. సాయంత్రానికి ఏ బురుజు ఏ ఊళ్లో చూశామో గుర్తుండదు. నన్నడిగితే మ్యాపు కన్నా ముందు చరిత్రను చేత్తో పట్టుకోవాలి. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర రాజధాని హంపీ వదిలి పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి జరిగింది. రాజులు వెనక్కి తగ్గిన ఆ దారినే మనమూ పోతే ప్రయాణానికో కథ దొరుకుతుంది. మధ్యలో గండికోట వైపు తిరగండి, అక్కడ మాత్రం రాత్రి ఉండాల్సిందే. ధాన్యాగారం, జామా మసీదు, మాధవరాయ ఆలయం తీరిగ్గా చూసి, ఎండ దిగాక పెన్న లోయ పక్కన కూర్చుంటే, అంత అగాధం ఉండగా ఇటువైపు శత్రువు ఎలా వస్తాడనిపిస్తుంది. (అంచు దగ్గర పిల్లల చెయ్యి వదలకండి.) మార్చి దాటితే సీమ రాళ్ల మీద నడక శిక్షే, చలికాలం చూసుకోండి. ఇక చంద్రగిరి. తిరుపతికి సుమారు 15 కిలోమీటర్లు, అంతే. లక్షల మంది కొండెక్కి దిగి, పక్కనే ఉన్న రాజమహల్ గడప తొక్కకుండా రైలెక్కేస్తారు. దర్శనానికి గంటలకొద్దీ క్యూలో నిలబడే ఓపికున్నవాళ్లకు కోట కోసం ఒక పూట దొరక్కపోవడం నాకు మింగుడుపడదు. ఈసారి తిరుమల వెళ్లేటప్పుడు తిరుగు రైలు టికెట్టు ఒక రోజు ఆలస్యంగా తీసుకోండి.