గోడ ఎవరిది?

ఎన్నికలొచ్చాయంటే మన ఊళ్ళలో ఖాళీ గోడ కనిపించదు. ఇంటివారిని అడిగి రాసేవాళ్ళు తక్కువే. కనుక అమెరికా గోడల కథ మనకు మరీ వింతగా తోచనక్కరలేదు. కాకపోతే అక్కడి కుర్రాళ్ళు రాసింది పార్టీ గుర్తు కాదు, తమ పేరు.

1967 ప్రాంతంలో ఫిలడెల్ఫియా నగరంలో డారిల్ మెక్‌క్రే అనే నల్లజాతి కుర్రాడు ‘కార్న్‌బ్రెడ్’ అని గోడలమీద రాయసాగాడు. బాల నేరస్థుల గృహంలో మొక్కజొన్న రొట్టె కావాలని వంటవాణ్ణి వేధించినందుకు అంటుకున్న పేరది! న్యూయార్క్‌లో 183వ వీధికి చెందిన గ్రీకు కుటుంబపు కుర్రాడు ‘టాకీ 183’ అని రాశాడు. ఉత్తరాలు, పొట్లాలు చేరవేసే పని అతనిది. ఊరంతా తిరిగేవాడు కనుక ఊరంతా రాశాడు. 1971 జూలై 21న ‘న్యూయార్క్ టైమ్స్’ అతని సంగతి అచ్చువేసింది. ఇక చూడాలి, భూగర్భ రైళ్ళన్నీ రంగుల పాలయ్యాయి. లీ కినోనెస్ వంటివారు రైలుపెట్టె ఈ కొసనుంచి ఆ కొసదాకా బొమ్మలు వేశారు. లేడీ పింక్ అనే అమ్మాయి 1979లో మగపిల్లలతో సమానంగా ఈ రంగంలో దిగింది.

నగరపాలకులు 1972లోనే దీనికి వ్యతిరేకంగా చట్టం చేశారు. రాతలున్న రైళ్ళను పూర్తిగా తప్పించేసరికి 1989 మే వచ్చింది. జనం డబ్బుతో నడిచే రైలు అది. కిటికీలమీద రంగు పూస్తే లోపలివారికి స్టేషను కూడా కనిపించదు. ఆ కోపం సబబే. కాని 1983 సెప్టెంబరులో, స్టేషను గోడమీద రాశాడంటూ మైకేల్ స్టీవర్ట్ అనే యువకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. స్పృహలేని స్థితిలో ఆస్పత్రికి చేరిన అతను 13 రోజులకు కన్నుమూశాడు. వయసు 25. విచారణకు నిలబడ్డ ఆరుగురు అధికారులూ 1985లో నిర్దోషులుగా బయటపడ్డారు. గోడకు మళ్ళీ సున్నం కొట్టుకోవచ్చు. ఆ తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెప్పాలి?

తరువాతి కథ మరోటి. క్వీన్స్ ప్రాంతంలో ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పాత కర్మాగారం గోడలమీద యజమాని అనుమతితోనే ఏళ్ళ తరబడి బొమ్మలు వెలిశాయి. చూడటానికి పరదేశాలనుంచీ వచ్చేవారు. 2013 నవంబరులో ఒక రాత్రి యజమాని వాటిమీద తెల్లరంగు కొట్టించాడు. 21 మంది చిత్రకారులు కోర్టులో పోరాడారు. 2018 ఫిబ్రవరిలో వారికి 67 లక్షల డాలర్ల పరిహారం తీర్పయింది. 2020లో పై కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

కట్టడాన్ని కూల్చవద్దని కోర్టు అనలేదు. చట్టం చెప్పినట్టు 90 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఉంటే, ఆ చిత్రకారులు కనీసం ఫోటోలైనా తీసుకునేవారు. మన దృష్టిలో ఇది న్యాయమైన తీర్పే. గోడ సొంతదారుడిదే, కాదనం. ఒకరి చేత పని చేయించుకుని, వారికి ఒక్క మాటైనా చెప్పకుండా రాత్రికి రాత్రి తుడిచేయడం మాత్రం పెద్దమనిషి తరహా కాదు. 2014లో ఆ కర్మాగారాన్ని పడగొట్టారు. ఆ స్థలంలో అద్దె ఇళ్ళ మేడలు లేచాయి.