సంఘమునకు కన్నువంటి మనిషి



హిందూపురము, పెనుకొండ ప్రాంతములలో రైతు సంఘములు అనేకము ఏర్పడినవి. అధ్యక్షుని ఎన్నుకొనుటకు, లెక్కలు వ్రాయువారిని నియమించుటకు మనము ఎంతో ఆలోచింతుము. కాని పొలములోను, అంగడిలోను క్రొత్తగా తలయెత్తుచున్న మార్పును ముందుగా కనిపెట్టి చెప్పు మనిషిని మాత్రము ఎవరును వెదకరు. అట్టివారిని ప్రతి సంఘమును ప్రత్యేకముగా ఎన్నుకొనవలెనని నా అభిప్రాయము.

దీనివలన ఏమి లాభమని మీరు అడుగవచ్చును. 2000వ సంవత్సరము ఖరీఫులో, నాటి అనంతపురము జిల్లాలో వేరుసెనగకు వచ్చిన కాండం కుళ్ళు తెగులును పెద్దలు మరచియుండరు. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలు దాటినది. చూపునకు అది పాత మొవ్వుకుళ్ళు తెగులువలెనే యుండును. కాని మొవ్వుకుళ్ళు సోకిన మొక్కకు ప్రక్కకొమ్మలు గుబురుగా పుట్టును. కాండం కుళ్ళులో సాధారణముగా అట్లు పుట్టవు. లేతమొక్క మొత్తము చచ్చును. దీనికి కారణము వేరొక వైరస్. అది వయ్యారిభామ పుప్పొడిలో నుండును. తామర పురుగులు దానిని పైరునకు చేర్చును. కావున గట్లమీది వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయవలెను. భేదము తెలిసిననే గదా ఉపాయము తోచునది!

ఈ పనికి తగినవారికి ఏ గుణములు ఉండవలెను?

మొదటిది, మామూలు సంగతి బాగుగా తెలిసియుండుట. ఏటేటా పైరు ఎట్లుండునో ఎరిగినవారికే ఈ ఏటి తేడా కనబడును. కలుపు తీయు స్త్రీలు ప్రతి మొక్కను దగ్గరగా చూతురు. వారి మాటకు సంఘములో చోటు లేకున్న, మన కన్నును మనమే మూసికొన్నట్లగును.

రెండవది, పొలిమేర దాటి చూచుట. కత్తెర పురుగు మన దేశములో మొదట 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గవద్ద మొక్కజొన్నపై కనబడినది. ఆ సంవత్సరమే మన రాష్ట్రమునకును ప్రాకినది. మనకు గౌరిబిదనూరు ప్రక్కనే యున్నది. అక్కడ చుట్టరికములు గలవారు, కన్నడము మాటలాడువారు ఇట్టి కబురు ముందుగా తేగలరు. బెంగుళూరులో ఏ కాయగూరకు గిరాకి పెరుగుచున్నదో, పట్టుగూళ్ళు కొనువారు ఎట్టి గూళ్ళను కోరుచున్నారో కూడ వారివలననే తెలియును.

మూడవది, తొందరపడి పేరు పెట్టకుండుట. “ఇది ఫలానా పురుగే” అని తేల్చివేయువారికంటె, “దీనిని నేనెరుగను” అని పురుగుతోసహా ఆకును కోసి, తేదీ, పొలము పేరు వ్రాసి రైతు సేవా కేంద్రమునకు తెచ్చువారు మేలు. కత్తెర పురుగు తలపై తలక్రిందులైన ‘వై’ అక్షరము గుర్తు, తోకవైపున చతురస్రముగా నాలుగు నల్లచుక్కలు ఉండును. నిదానించి చూచినవారికే ఇవి కనబడును. పిల్లపురుగులు ఆకును గీకి తిను దశలో పట్టిన నివారణ సులభము. ఆకుసుడిలో చేరినపిదప మందు తగులుట కష్టము.

నాల్గవది, స్వలాభము లేకుండుట. పురుగు కబురు చెప్పి ఆ పురుగుకు మందు తానే అమ్మువారు ఈ పనికి తగరు.

ఇక సంఘమువారికి ఒక మాట. తెచ్చిన పది కబుర్లలో తొమ్మిది వట్టివి కావచ్చును. తొమ్మిదిసార్లు నవ్వితిరా, పదవది మీ చెవిని పడదు. నష్టమంతయు ఆ పదవదానిలోనే యుండును. పలుకుబడి గలవారు గట్టిగా మాటలాడుదురు. తేడాను చూచినవారు తరచుగా మూల కూర్చుండియుందురు. అధ్యక్షులు వారిని పిలిచి అడుగవలెను.

వచ్చే విత్తునాటికి ప్రతి సంఘమును ఇద్దరిని, వారిలో ఒక స్త్రీని, ఎన్నుకొనవలెనని కోరుచున్నాను. నెలసమావేశములో మొదటి మాట వారిదే కావలెను. వారు చెప్పినది గ్రామ వ్యవసాయ సహాయకులు పుస్తకములో వ్రాసికొని, తేలిన ఫలితమును మరుసటి సమావేశములో అందరికి తెలుపవలెను. ఇందుకు ఖర్చు లేదు. వినుటకు ఓపిక యున్న చాలును.