నీలి టిక్కులు చూసి ఆగిపోవద్దు

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఆయాసం మొదలైతే, ఒక కాలి పిక్క వాచి పట్టేస్తే, కుట్ల దగ్గర చీము కారుతూ జ్వరం పెరుగుతుంటే వాట్సాప్ తెరవకండి. 108కి ఫోన్ చేయండి. లేదంటే ఏ బండి దొరికితే ఆ బండిలో దగ్గర్లోని క్యాజువాల్టీకి చేరండి. చెప్పదలచుకున్నది ఇదే. తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

ఇంత కంగారుగా రాయడానికి కారణముంది. నిరుడు మా పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన ఎనిమిదో రోజు సాయంత్రానికి పిక్క రాయిలా గట్టిపడింది. అన్నయ్య ఆవిణ్ణి ట్యూబ్‌లైటు కిందకి జరిపి మూడు ఫొటోలు తీసి, డిశ్చార్జి రోజు ఆస్పత్రివాళ్లు ఇచ్చిన నంబరుకు పంపాడు. అప్పుడు టైము రాత్రి తొమ్మిదీ నలభై. కాసేపటికి రెండు టిక్కులూ నీలంగా మారాయి. "డాక్టరు గారు చూశార్రా, ఇక పడుకోండి" అని పెద్దమ్మే అందరికీ ధైర్యం చెప్పింది. తెల్లవారుజామున ఊపిరందక లేచి కూర్చుంది. పక్కింటివాళ్ల కారులో టౌనుకు తీసుకెళ్తే, పిక్కలోని సిరలో రక్తం గడ్డకట్టిందనీ, అందులో ఒక ముక్క ఊపిరితిత్తుల దాకా వెళ్లిందనీ తేలింది. అదృష్టం, బతికి బయటపడింది. పొద్దున తొమ్మిదిన్నరకు ఆవిడ ఐసీయూలో ఉండగా అన్నయ్య ఫోను మోగింది. ఆస్పత్రి నంబరు నుంచి జవాబు: "కాలి కింద దిండు పెట్టుకోండి మేడమ్."

ఆ టిక్కుల్ని నీలం చేసిందెవరని తర్వాత ఆరా తీశాం. ఆ ఫోను డాక్టరు జేబులో ఉండేది కాదట. పగలు పీఆర్వో టేబుల్ మీద, రాత్రి నర్సుల కౌంటర్లో ఛార్జింగులో ఉంటుందట. ఎవరో తెరిచారు, ఈలోగా ఏదో బెల్లు మోగింది, అటు వెళ్లారు. తెరిచిన మెసేజ్ మీద పచ్చ చుక్క ఉండదు కదా, డ్యూటీ మారి వచ్చినవాళ్లు ఇదెవరో చూసేశారనుకున్నారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేని తప్పు ఇది. నీలి టిక్కుకు ఎవరో తెరిచారన్న అర్థం తప్ప మరో అర్థం లేదు. తెరిచింది డాక్టరో, నర్సో, వార్డుబాయో అది చెప్పదు.

వాట్సాప్ దండగని అనడం లేదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు మూడు వందల కిలోమీటర్లు. కుట్లు ఎండాయా లేదా చూపించడానికి ఒక కూలి మనిషి అంత దూరం వచ్చిపోవాలంటే రెండు రోజుల కూలీ, ఇద్దరికి బస్సు ఛార్జీలు పోతాయి. ఆ పని ఒక ఫొటోతో అయిపోతే అంతకన్నా ఏం కావాలి? 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వాట్సాప్ ద్వారా వైద్య సలహానూ అనుమతించాయి. అవే మార్గదర్శకాలు ఇంకో మాట కూడా చెప్పాయి: అత్యవసరమైతే, నేరుగా చూపించుకునే వీలుంటే, ఫోను వైద్యం చేయొద్దు; ప్రథమ చికిత్స చెప్పి వెంటనే ఆస్పత్రికి పంపాలి. మనవాళ్లకు మొదటి సగమే తెలిసింది.

పైగా ఫొటోకు ఎన్ని తెలుస్తాయి? ట్యూబ్‌లైటు కింద ఎరుపు పాలిపోతుంది. కాలు వేడిగా ఉందో లేదో, నొక్కితే గుంట పడుతుందో లేదో, పుండు వాసనొస్తుందో లేదో కెమెరా చెప్పదు. ఏ చేయి పట్టుకుని చూస్తే తెలుస్తుందో ఆ చేయి వంద కిలోమీటర్ల అవతల ఉంది.

మన ఇళ్లలో ఇంకో చిక్కు. ఆస్పత్రి రికార్డులో రాయించేది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు నంబరు. బిల్లు కట్టేది అతనే, ఇంగ్లీషులో మాట్లాడేదీ అతనే, సబబే. కానీ మనకు పొద్దున పదకొండయితే డాలస్‌లో అర్ధరాత్రి. పొటాషియం బాగా పెరిగింది, ఫలానా బిళ్ల ఇవాళే ఆపేయండని ల్యాబ్ రిపోర్టు చూసిన డాక్టరు కబురు పెడితే అది అక్కడ సైలెంట్‌లో ఉన్న ఫోనులో పడుంటుంది. ఇక్కడ తండ్రి పొద్దుటి బిళ్ల, రాత్రి బిళ్ల రెండూ మింగేసి ఉంటాడు. అమెరికా నంబరు ఇవ్వండి, కాదనం. దాని పైన, మంచం పక్కన పడుకునే మనిషి నంబరు రాయించండి.

డిశ్చార్జి కాగితం సంగతి చెప్పాలంటే రోజు చాలదు. అంతా ఇంగ్లీషు, అందులోనూ పొడి అక్షరాలు. మందు పక్కన 'ఎస్ఓఎస్' అని ఉంటే అవసరమైతేనే వేసుకోమని. కానీ సినిమాలు చూసిన మనకు ఆ మూడక్షరాలంటే ప్రమాద ఘంటిక. రోజూ తప్పక వేసుకోవాల్సినదేమో అనుకుని మూడు పూటలా నొప్పి బిళ్లలు మింగి కడుపులో పుండు తెచ్చుకునే ప్రమాదముంది. ఆ కాగితం ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెడితే తలా ఒక సలహా. గుండెకు స్టెంటు వేసినవాళ్లు ఈ సలహాలకు మరీ జాగ్రత్తగా ఉండాలి. రక్తం పలచనయ్యే మందులు పంటి చిగుళ్ల నుంచి కాస్త రక్తం వచ్చిందనో, గ్రూపులో ఎవరో ఒద్దన్నారనో మానేస్తే స్టెంటులోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఆ మందు ఆపాలంటే గుండె డాక్టరు నోటితో చెప్పాల్సిందే.

మరి దేనికి మెసేజ్ పెట్టొచ్చు, దేనికి పరుగెత్తాలి? మలబద్ధకం, ఆకలి లేకపోవడం, కుట్ల దగ్గర దురద, రివ్యూ తేదీ మార్చుకోవడం, మందుల షాపులో వేరే కంపెనీ బిళ్ల ఇచ్చారన్న అనుమానం: వీటికి మెసేజ్ చాలు, మర్నాటిదాకా ఆగినా ఫర్వాలేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, చేయో కాలో పడిపోవడం, మనిషి మత్తుగా ఉండి పలకకపోవడం: వీటికి ఫోను తీసేది 108 కోసమే. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే పడాలి. ఆ నాలుగున్నర గంటలూ జవాబు కోసం కాచుక్కూర్చుంటే తర్వాత ఎంత పెద్ద ఆస్పత్రికి వెళ్లినా ఆ సూది దక్కదు. బాలింతల విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కాన్పయిన ఆరు వారాల దాకా బీపీ పెరగొచ్చు. విడవని తలనొప్పి, కళ్లు మసకలు, గంటకో ప్యాడు తడిసేంత రక్తస్రావం కనిపిస్తే "పచ్చి ఒళ్లు, అట్లాగే ఉంటుందిలే" అనే పెద్దల మాట వినకండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు కావచ్చు, ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

దొంగల గురించి రెండు ముక్కలు. ఆస్పత్రి నంబరు కోసం గూగుల్‌లో వెతికితే దొరికేది ఆస్పత్రిదే కానక్కర్లేదు. అపాయింట్‌మెంటుకు పది రూపాయలు కట్టండంటూ ఏపీకే (యాప్) ఫైలు పంపితే నొక్కొద్దు. నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. నంబరు డిశ్చార్జి కాగితం మీదున్నదే వాడండి.

ఇక ఆస్పత్రులకు. ఆస్పత్రులకు నాణ్యత గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాల ప్రకారం అత్యవసరమైతే ఎప్పుడు, ఎలా సాయం పొందాలో డిశ్చార్జి సమ్మరీలో ఉండాలి. "ఎనీ ఎమర్జెన్సీ కాంటాక్ట్ హాస్పిటల్" అని అడుగున అచ్చువేసి చేతులు దులుపుకుంటే రాసినట్టు కాదు. ఈ నంబరు ఎవరు చూస్తారు, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా చూస్తారు, ఎంతసేపట్లో జవాబిస్తారు, రాత్రి ఎత్తే నంబరేది. ఈ నాలుగూ తెలుగులో, పెద్దక్షరాల్లో, మొదటి పేజీలో ఉండాలి. ప్రతి మెసేజ్‌కూ ఒక బాధ్యుడి పేరు రిజిస్టరులో పడాలి, డ్యూటీ మారేటప్పుడు వార్డులో పేషెంట్లను అప్పజెప్పినట్టే జవాబివ్వని మెసేజ్‌లనూ అప్పజెప్పాలి. రాత్రిళ్లు చూసేవాళ్లు లేకపోతే ఆ మాట ఆటోమేటిక్ జవాబులో నిజాయతీగా చెప్పండి. "మీ సందేశం అందింది, ధన్యవాదాలు" అన్న వాక్యమే పేషెంటును ఇంట్లో కూర్చోబెడుతోంది.

మీవాళ్లెవరైనా ఇవాళో రేపో డిశ్చార్జి అవుతుంటే, గేటు దాటకముందే ఆ నంబరుకు పేషెంటు పేరుతో ఒక మెసేజ్ పెట్టి, దాన్ని చూసేదెవరో కనుక్కోండి. ఆ రాత్రి పదకొండింటికి రాత్రి నంబరుకు ఒకసారి రింగు ఇవ్వండి. ఎవరూ ఎత్తకపోతే మర్నాడు కౌంటర్లో అడిగి, ఎత్తే నంబరు కాగితం మీద పెన్నుతో రాయించుకుని, మంచం పక్కన గోడకు అంటించండి.