కుర్చీ దిగిన కార్మిక మంత్రి
తమిళనాడులోని కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనిమీద బతికే ఇళ్లలో కొన్నిట ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. ఆ ఇళ్లకు నేను గుర్తుచేయదలచిన పేరు వరాహగిరి వెంకటగిరి. రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగిన ఆయన 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. తగాదాను ట్రిబ్యునల్‌కు ఈడ్చేకంటే యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదం. అయినా, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి 1954లో రాజీనామా చేశారు. 1969లో ఆయనకు దక్కిన రాష్ట్రపతి పదవి కంటే ఆ రాజీనామాయే గొప్పదని నా నమ్మకం. కార్మికుల ఓట్లతో పార్లమెంటుకు వెళ్లేవారికి అదే కొలబద్ద కావాలి. ఈసారి ఓటడగడానికి వచ్చినవారిని సూటిగా అడగండి: మా కూలికి కోత పడితే మీరు కుర్చీ దిగుతారా?