లెక్కకు ముందు బొమ్మ

ఐదేండ్ల బాలుడొకడు ఒకటి మొదలు ఇరువది వరకు తడబడక చెప్పును. తల్లిదండ్రులు మురిసిపోవుదురు. ఆ బాలుని ముందు ఏడు చింతగింజలు పోసి, "ఇవి ఎన్ని నాయనా?" అని అడిగినచో, వాని వ్రేలు ఒక గింజపై రెండుసార్లు పడును, మరియొక గింజను దాటిపోవును. అంకెల పేర్లు వచ్చుట వేరు, సంఖ్య తెలియుట వేరు. ఈ రెంటి నడుమ గల దూరమే నేడు మన ప్రాథమిక విద్య యెదుట నున్న పెద్ద సమస్య.

ఈ దూరమును తగ్గించుటకే కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో 'నిపుణ్ భారత్' అను కార్యక్రమమును ఆరంభించినది. 2026-27 నాటికి మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డకును చదువుట, వ్రాయుట, చిన్న లెక్కలు చేయుట రావలెనని దాని సంకల్పము. 2023 ఫిబ్రవరిలో ఆటవస్తువులు, బొమ్మలు, కథల పుస్తకములు గల 'జాదూయీ పిటారా' అను పెట్టె కూడ వెలువడినది. సంకల్పము మంచిదే. కాని గ్రామీణ బాలలను పరీక్షించు 'అసర్' నివేదికల ప్రకారము, దేశమున మూడవ తరగతి పిల్లలలో కనీసము తీసివేత చేయగలవారు 2022లో 25.9 శాతము, 2024లో 33.7 శాతము. మెరుగుదల కలదు. అయినను ముగ్గురిలో ఇద్దరు ఇంకను గడప కీవలనే యున్నారు.

ఈ పిల్లలకు లోపించినది తెలివి కాదు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే (1896-1980) రెండు వరుసలలో సమానముగా వస్తువులు పేర్చి, ఒక వరుసను ఎడముగా జరిపి, "ఎందులో ఎక్కువ?" అని పిల్లల నడిగెను. చిన్నవారు పొడవైన వరుసలోనే ఎక్కువ అనిరి. పొడవును సంఖ్య యనుకొనిరి. 1970 దశకమున స్కాట్లండులో మార్గరెట్ డొనాల్డ్‌సన్, ఆమె సహచరుడు ఇదే ప్రయోగమును చిన్న మార్పుతో చేసిరి. ఈసారి వరుసను చెదరగొట్టినది ఉపాధ్యాయుడు కాదు, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ. అంతమాత్రమున సరియైన సమాధానము చెప్పిన పిల్లల సంఖ్య ఎంతో పెరిగినది. లెక్క అదే, పిల్లలు అట్టివారే. మారినది కథ యొక్కటే. ప్రశ్నకు కారణము కనబడినపుడు పసివాని బుద్ధి పనిచేయునని దీని సారాంశము.

ఆ ఎలుగుబంటి కొరకు స్కాట్లండు వరకు పోనక్కరలేదు. మన నల్లమలలోనే కలదు. ఆ అడవికి ముంగిలియైన ఆత్మకూరు నంద్యాల జిల్లాలోనిది. ఈ ప్రాంతపు బడులకు కావలసిన కథలు బడి వాకిటనే యున్నవి. సంగమేశ్వరమునే చూడుడు. శ్రీశైలము జలాశయము నిండినపుడు ఆ ఆలయము మునిగిపోవును. నీరు తగ్గిన వేసవిలో మరల బయటపడును. దీనిని నాలుగు బొమ్మలుగా గీయవచ్చును: నీరు తప్ప ఏమియు లేదు, శిఖరపు కొన కనబడినది, సగము గుడి తేలినది, మెట్లతో సహా గుడి అంతయు కనబడినది. బొమ్మలను తారుమారు చేసి, "ఏది ముందు? ఏది వెనుక? నీరు దేనిలో ఎక్కువ?" అని అడిగినచో, క్రమము, పరిమాణము, సగము అను భావములు బిడ్డకు పట్టుబడును. ఇందులో ఒక్క అంకెయు లేదు. అయినను ఇది గణితమే.

సంఖ్యకు కూడ అచ్చటనే కథ కలదు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి అను ఏడు నదులు అచట కలియునని ప్రతీతి. భవనాశి యొక్కటే పురుష నామము గలది. ఆరుగురు అక్కచెల్లెండ్రు ఒడ్డున నిలిచి తమ్ముని కొరకు ఎదురుచూచుచున్నట్లు బొమ్మ గీయుడు. తమ్ముడు వచ్చినచో ఎందరు? మరల ఇద్దరు వెడలిపోయినచో ఎందరు మిగులుదురు? పైన చెప్పిన నివేదికలు వెదకు తీసివేత ఇదియే.

కథలో లెక్క, కథకు బొమ్మ మనకు క్రొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి 1947లో చక్రపాణితో కలిసి ఆరంభించిన 'చందమామ' బొమ్మల కొరకే పుస్తకము తెరచిన పిల్లలను చదువరులను చేసినది. ఈ రెండు సంప్రదాయములను ఒకచోట చేర్చుటయే నేటి పని.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఐదు అంకె ప్రక్కన ఐదు మామిడిపండ్లు అచ్చువేసినంతమాత్రమున అది బొమ్మల కథ కాదు, అలంకారము మాత్రమే. బిడ్డ "ఐదు" అనగానే పుట త్రిప్పుట కూడ వల్లెవేయించుటయే. "ఎట్లు తెలిసినది నాయనా?" అని అడిగి, సమాధానము వచ్చు వరకు వేచియుండుటలోనే బోధన కలదు. ఆ మాట బిడ్డ యింటి భాషలో జరుగవలెను. చెంచుగూడెపు బిడ్డకు తేనెపట్టు, విల్లు, చెట్టుకొమ్మ చూపి అడిగిన ప్రశ్న, తానెన్నడు చూడని నగరపు అంగడి బొమ్మతో అడిగిన ప్రశ్నకన్న త్వరగా అందును.

"ఇట్లు కూర్చున్నచో పాఠములు ఎప్పుడు ముగియును?" అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. రెండు మూడు తరగతులను ఒక్కరే చూచుకొను బడులలో ఓపికకు కూడ హద్దు కలదు. ఎక్కములు మానుమని ఎవరును చెప్పుట లేదు. అర్థము ముందు, వల్లె వెనుక అని మాత్రమే మనవి. పునాది లేక లేపిన గోడను ప్రతియేట మరల కట్టుటకన్న, మొదటి రెండేండ్లు నిదానించుట కాలమును ఆదా చేయుటయే యగును.

ఇందుకు పెద్ద వ్యయము అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ యూరి చెరువును, సంతను, గొర్రెలమందను అట్టలపై గీసి ప్రాథమిక పాఠశాలకు ఈయవచ్చును. గీయువారికి అది చిత్రకళ, చూచువారికి గణితము. గడువు సంవత్సరములు వచ్చును, పోవును. నివేదికలలో అంకెలు పెరుగును, తరుగును. ఆత్మకూరు బడిలో ఒక బిడ్డ ఏడు చింతగింజలను ఒక్కొక్కటిగా తాకి "ఏడు" అన్న నాడు మాత్రమే మనము లెక్క నేర్పినట్లు.