సోదా జరిగేటప్పుడు పక్కన నిలబడేదెవరు?

పోయిన సీజనులో ధర్నా కోసం విడవలూరు నుంచి నెల్లూరుకు బయలుదేరిన మా ఆటోను దారిలో పోలీసులు ఆపారు. సంచులన్నీ దింపించారు. ఒక కౌలు రైతు సంచిలోని బ్యాంకు పుస్తకం, పంట సాగుదారు హక్కుల పత్రం తీసుకుని, సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మన్నారు. రసీదు ఇవ్వలేదు. సాయంత్రం పోతే "ఏ కాగితాలు?" అని అడిగారు. పది రోజులు తిరిగాక బ్యాంకు పుస్తకం దొరికింది, హక్కు పత్రం దొరకలేదు. పదకొండు నెలలు చెల్లే ఆ పత్రమే కౌలు రైతుకు రుణం అడగడానికి ఆధారం.

ఆ రోజు ఆటోలో ఏడుగురం ఉన్నాం. ఒక్కరమూ నోరు తెరవలేదు. పోలీసుల తీరు కన్నా మన మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సోదా చేసే అధికారం పోలీసులకు ఉంది. అడ్డుకుంటే మన మీదే కేసవుతుంది. కానీ ఆ అధికారానికి చట్టం పగ్గాలు వేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, వస్తువుల స్వాధీనాన్ని, జాబితా రాసి సాక్షులు సంతకాలు చేయడాన్ని వీడియో తీయాలి. ఇల్లు సోదా చేస్తే 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతంలోని ఇద్దరు తటస్థుల ఎదుటే చేయాలి. ఇంటివారిని దగ్గర ఉండనివ్వాలి, జాబితా నకలు వారికివ్వాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే, మర్యాదగా తనిఖీ చేయాలి.

గంజాయిని పట్టుకోవాల్సిందే, మన పిల్లలను పాడుచేస్తున్నది అదే. అయితే మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ కింద ఒంటిమీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని మనకు చెప్పాలి. అలా చెప్పడం పోలీసుల విధి అని 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పారు. అయినా 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో దారినపోయేవారి ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో 'గంజాయి' అనే మాట కోసం వెతికారు. రేపు మన ఫోన్లలో సంఘం గ్రూపును వెతకరని ఏముంది?

ఇక్కడ మన తప్పు కూడా ఉంది. పంచనామాకు మధ్యవర్తిగా రమ్మంటే తలుపేసుకుంటాం, కోర్టు చుట్టూ తిరగాలని భయం. కోర్టు ప్రత్యేకంగా పిలిస్తే తప్ప సాక్షి వెళ్లనక్కరలేదని అదే 103వ సెక్షన్ చెబుతోంది. మనం రాకపోతే పోలీసులకు అలవాటైన మనుషులే సంతకం పెడతారు. అప్పుడు పొరుగువాడి తరఫున చూసినవాడే ఉండడు.

అందుకే ఊరూరా మన సంఘం నుంచి ఇద్దరు ముందుకు రావాలి. సోదా అని తెలియగానే అక్కడికి పోవాలి. గొంతు పెంచనక్కరలేదు, తోయనక్కరలేదు. "అయ్యా, జాబితా రాయండి, నకలు ఇవ్వండి, వీడియో తీయండి" అని మర్యాదగా అడిగితే చాలు. ఆ రోజు ఆటోలో మాలో ఒక్కరైనా ఆ మాట అని ఉంటే, ఆ కౌలు రైతు చేతిలో కనీసం ఒక కాగితం ఉండేది.